అమ్మ కట్టిన శివదారము



మన సంప్రదాయమున బిడ్డకు లింగసంబంధము పుట్టిన పిదప కలుగునది కాదు. తల్లి గర్భవతియై యుండగా ఎనిమిదవ మాసమున గురువు వచ్చి గర్భస్థశిశువునకై లింగసంస్కారము చేయుట పెద్దల ఆచారము. బిడ్డ భూమిమీద పడిన పిమ్మట లింగమును మెడలో కట్టుదురు. ఊహ తెలిసి, మంత్రము పలుకగల యీడు వచ్చినప్పుడు గురువు దీక్షనిచ్చి, ఇష్టలింగమును బిడ్డ ఎడమ అరచేత నుంచును. లింగము నిలిచిన తావులు మూడు: మొదట తల్లి దేహము, తరువాత బిడ్డ కంఠము, అటుపై బిడ్డ కరస్థలము.

మొదటి రెండు తావులందు బిడ్డ చేసినది ఏమియు లేదు. తల్లి మోసినది, తండ్రి కట్టించినాడు. మూడవ తావున మాత్రము బిడ్డ తన చేయి తానే చాపవలెను. గుడిలో అర్చకుడు మన పేరు చెప్పి మనకు మారుగా పూజ చేయవచ్చును. కరస్థలమున నున్న లింగమునకు వేరొక అర్చకుడు లేడు. తండ్రి పూజ కుమారునకు చెల్లదు. తల్లి పూజ కూతునకు చెల్లదు. మెడనుండి అరచేతికి ఉన్న దూరము మూరెడే. ఆ మూరెడు దాటుటకు కొందరికి పదియేండ్లు పట్టుచున్నది. కొందరు దాటకయే నిలిచిపోవుచున్నారు. పండ్రెండవ యేట మొదలై ఇరువదవ యేటివరకు సాగు కౌమారమే ఆ దాటు కాలము. ఆ కాలమున తల్లిదండ్రుల అనురాగము బిడ్డకు వంతెన యగునా, అడ్డుగోడ యగునా అనునది నేడు మనము విచారింపవలసిన విషయము.

మఠములకు వచ్చు తల్లిదండ్రుల నోట నేడు తరచుగా వినబడు మాట యొకటి కలదు. “స్వామీ! మావాడు చిన్ననాట నా ప్రక్కన కూర్చుండి విభూతి పెట్టుకొనక అన్నము ముట్టెడివాడు కాడు. ఇప్పుడు పట్నములో చదువుచు వసతిగృహమున నున్నాడు. లింగమును తీసి పెట్టెలో పెట్టినాడట. అడిగితిమా, కసరుకొనుచున్నాడు. ఏమి చేయమందురు?” ఈ మాట జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతముల కుటుంబములలో వినబడును, బీదరు సీమలో వినబడును, హైదరాబాదు నగరమున మరింత వినబడును. ఇది ఒక యింటి దుఃఖము కాదు. దీనికి సమాధానము కోపముతో చెప్పినను, నిర్లక్ష్యముతో చెప్పినను బిడ్డ చేజారును. కనుక మన పెద్దలు చెప్పిన కథలను ముందుగా తలచుకొందము.

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు పెక్కులు కలవు. అందు గొడగూచి కథ మన యిండ్లలో అవ్వలు చెప్పగా వినని బిడ్డ లేదు. ఆ బాలిక తండ్రి దినదినము శివునకు పాలు నివేదించు నియమము గలవాడు. ఒకప్పుడు ఊరు విడిచి పోవలసి వచ్చి, ఆ పని కూతునకు అప్పగించెను. ఆమె పాలు కాచి, కొనిపోయి లింగము ముందుంచి ఆరగింపుమనెను. శివుడు త్రాగలేదు. తండ్రి చేత దినమును త్రాగువాడు నా చేత ఏల త్రాగడని ఆ పసిది బెంగగొని, ఏడ్చి, ప్రాణము విడుచుటకు సిద్ధపడెను. శివుడు ప్రత్యక్షమై పాలు త్రాగెను. తండ్రి తిరిగివచ్చి విని, రాతిలింగము పాలు త్రాగుట ఎక్కడైన కలదా, నీవే త్రాగితివని నమ్మక, కోపించి కొట్టబోయెను. బిడ్డ పరుగెత్తి శివుని శరణు చొచ్చి లింగమున ఐక్యమయ్యెను.

ఈ కథ విని మనము బాలిక ముగ్ధత్వమునకు చేతులు జోడింతుము. అది తగినదే. కాని తండ్రివైపు తిరిగి ఒక్కసారి చూడుడు. అతడు నాస్తికుడు కాడు. నియమము తప్పినవాడు కాడు. ఏండ్ల తరబడి పాలు మోసినవాడు. అయినను శివుడు వాటిని త్రాగునని అతడు ఒక్కనాడును ఎదురుచూడలేదు. బిడ్డ మాత్రము తండ్రి చేతలో తండ్రికే లేని నమ్మకమును చూచినది. ఎందుచేత? ఆమెకు తండ్రియందు విశ్వాసముండుటచేత. నాన్న దినమును మోసినాడు గనుక ఆయన దినమును త్రాగినాడు అని ఆ పసిమనసు లెక్కవేసినది. శివునియందు ఆమెకు గల నమ్మకమునకు మొదటి మెట్టు తండ్రియందు గల నమ్మకమే.

కథలో రెండవ సగమునను ఇంతటి సత్యమే కలదు. తండ్రి చేయి ఎత్తినప్పుడు ఆమె తల్లి కొంగు చాటునకు పోలేదు, ఇల్లు చేరలేదు, శివునియొద్దకు పరుగెత్తెను. మొదట తండ్రి ప్రేమ శివునియొద్దకు నడిపించినది. పిదప తండ్రి కోపము శివునియొద్దకు తరిమినది. రెండు త్రోవలును శివునికే చేరినవి. కాని రెండవ త్రోవలో ఆ యింటికి బిడ్డ దక్కలేదు. తల్లిదండ్రులారా! ఈ భేదమును మరువకుడు.

మన పురాణము కథగా చెప్పిన దానిని ఇటీవలి కాలమున మనశ్శాస్త్రజ్ఞులు వేరొక మార్గమున పరిశీలించిరి. ఇంగ్లండు దేశపు వైద్యుడు జాన్ బౌల్బీ 1969లో ప్రకటించిన గ్రంథమున, బిడ్డకు తల్లితో గల అనుబంధము కేవలము పాలకొరకైనది కాదనియు, అది రక్షణకొరకు ప్రకృతి కల్పించిన బంధమనియు ప్రతిపాదించెను. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండా దేశపు పల్లెలలో తల్లీబిడ్డలను గమనించి, పిదప అమెరికాలో ఆ పరిశీలనను కొనసాగించెను. వారు కనుగొన్నది మన అమ్మలు ఎరుగనిది కాదు. తల్లి దగ్గర నున్నదన్న ధైర్యము గల బిడ్డ వాకిలి దాటి ఆడుకొనపోవును. భయము కలిగినంతనే వచ్చి కొంగు పట్టుకొనును. భయము తీరగానే మరల పోవును. కొంగు దొరకునన్న నమ్మకమే బిడ్డను దూరము పోనిచ్చుచున్నది. ఆ నమ్మకము లేని బిడ్డ అంటిపెట్టుకొనియైన నుండును, లేక తల్లి అక్కరయే లేనట్లు ముఖమైన త్రిప్పుకొనును.

1990లో లీ కర్క్‌పాట్రిక్, ఫిలిప్ షేవర్ అను ఇరువురు పరిశోధకులు ఈ విషయమును దైవభక్తికి అన్వయించిరి. స్వీడన్ దేశమున పేర్ గ్రాన్‌క్విస్ట్ ఆ విచారణను ముందుకు సాగించెను. వారు చెప్పిన త్రోవలు రెండు. తల్లిదండ్రుల ఆదరణ నిశ్చయముగా దొరకిన బిడ్డలు, ఆ తల్లిదండ్రులు భక్తులైనచో, వారి భక్తినే మెల్లమెల్లగా తమదిగా చేసికొందురు. ఆదరణ దొరకని బిడ్డలలో కొందరు ఆ లోటు పూడ్చుకొనుటకై దైవమును ఆశ్రయింతురు. అది తరచు కష్టకాలమున, హఠాత్తుగా, తల్లిదండ్రుల మార్గముతో నిమిత్తము లేకయే జరుగును. గొడగూచి కథలోని రెండు సగములును ఇవియే కదా! ఆ పరిశోధనలు ఎక్కువ భాగము పాశ్చాత్య దేశములలో జరిగినవి. అవ్వ, తాత, మేనమామ, అక్క కలిసి పెంచు మన యిండ్లకు వాటిని ఉన్నవి ఉన్నట్లు అంటగట్టరాదు. అయినను వాటి సారము మనకు పనికివచ్చునదే.

మరియొక సంగతి తండ్రులు ప్రత్యేకముగా వినదగినది. వెర్న్ బెంగ్ట్‌సన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు అమెరికాలో 1970 నుండి దశాబ్దముల పర్యంతము 350కి పైగా కుటుంబములను, నాలుగు తరములవారిని గమనించి, 2013లో ఒక గ్రంథము వెలువరించెను. తల్లిదండ్రులు ఎంత నిష్ఠాపరులైనను బిడ్డలతో చల్లని అనుబంధము లేనిచో ఆ నిష్ఠ తరువాతి తరమునకు అందుట కష్టమనియు, ముఖ్యముగా తండ్రితో గల ఆత్మీయత ఇందు ప్రధానమనియు అందు తేలినది. మన యిండ్లలో పూజ, ఉపవాసము, నోము తల్లి వంతు. మందలింపు, దండన తండ్రి వంతు అను ఏర్పాటు కానవచ్చుచున్నది. భక్తి ఆడవారి పని యని మగబిడ్డ ఆ చిన్ననాడే నిశ్చయించుకొనుచున్నాడు. పదునారేండ్ల కుమారుడు లింగపూజ విడిచినాడని గోడుగోడున వగచు తండ్రి, ఆ కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పూజ చేసినది ఎన్ని దినములో లెక్క చూచుకొనవలెను.

ఇక బసవేశ్వరుని చరిత్రకు వత్తము. బాగేవాడి అగ్రహారమున మాదిరాజు, మాదాంబ దంపతులు నందికేశ్వరుని కొలిచి కన్న బిడ్డ బసవడు. గారాబమున పెరిగినవాడు. ఎనిమిదవ యేట తండ్రి ఉపనయనమునకు సన్నాహము చేయగా, శివుని నమ్మినవానికి వేరొక సంస్కారమేల యని బాలుడు తండ్రితో వాదించెను. తండ్రి తన ఆచారము విడువలేదు. కుమారుడు తన నిశ్చయము విడువలేదు. బసవడు ఇల్లు విడిచెను. ఆయనతో కూడ నడచినది తోబుట్టువు నాగాంబ.

ఈ ఘట్టమున ఇరువైపులవారికిని ఉపదేశము కలదు. లింగమును పెట్టెలో పెట్టిన ప్రతి కుర్రవాడును బసవడనుట పొరపాటు. బసవడు విడిచినది సోమరితనమున కాదు, నలుగురు నవ్వుదురన్న సిగ్గున కాదు. అంతకన్న గట్టిదైన విశ్వాసమున విడిచెను. ఇది యువకులు గ్రహింపవలసిన మాట. ప్రశ్నించిన ప్రతి కుర్రవాడును భ్రష్టుడనుట అంతకంటె పెద్ద పొరపాటు. ఆనాడు మాదిరాజు కన్నులకు కుమారుడు ధర్మము తప్పినవానివలెనే కనిపించియుండును. ఇది తల్లిదండ్రులు గ్రహింపవలసిన మాట. ఇక నాగాంబను చూడుడు. ఇంటివారందరు ఒకవైపు, బాలుడొకవైపు అయినప్పుడు ఆమె తమ్ముని చేయి విడువలేదు. కుటుంబమున ఒక్క చేయియైన విడువక పట్టియున్నచో బిడ్డ దిక్కులేనివాడు కాడు. ఆ నాగాంబ కన్న బిడ్డయే షట్‌స్థలజ్ఞాని చెన్నబసవేశ్వరుడు. తనకంటె చిన్నవాడైన ఆ మేనల్లుని జ్ఞానమునకు బసవేశ్వరుడు తలయొగ్గెనని మన సంప్రదాయము చెప్పుచున్నది. పెద్దవాడు చిన్నవానియొద్ద నేర్చుకొనుట మన మతమున అవమానము కాదు.

అయితే తల్లిదండ్రుల మమకారము బిడ్డ భక్తికి ఎక్కడ అడ్డగోడ యగుచున్నది? మోహమునకు వాత్సల్యమునకు భేదము తెలియనప్పుడు. “నీవు లింగము తీసినచో మన వంశమునకు తలవంపు”, “సంబంధములకు వచ్చువారు ఏమనుకొందురు?” అని తల్లి కన్నీరు పెట్టినప్పుడు బిడ్డకు వినబడునది శివుని మాట కాదు, నలుగురి మాట. అట్లు నిలిచిన భక్తి నలుగురున్నంత వరకే నిలుచును. పట్నములో ఆ నలుగురు లేరు, భక్తియు లేదు.

దీనికి మన శాస్త్రమే మందు చెప్పినది. షట్‌స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. భక్తుడు తనకు కలిగినదెల్ల లింగమునకు అర్పించి, తిరిగి ప్రసాదముగా గైకొనును. అర్పించక ముందు అది పదార్థము. అర్పించిన పిమ్మట ప్రసాదము. పండునకు, అన్నమునకు ఈ నియమమును చక్కగా పాటించు మనము బిడ్డల విషయమున మరచుచున్నాము. గర్భమున నున్ననాడే లింగసంస్కారము చేయించిన బిడ్డ, ఆనాడే లింగమునకు అర్పితమైన బిడ్డ. పుట్టిన పిదప మన ఒడిలో పడినది మన సొత్తు కాదు, ప్రసాదము. ప్రసాదమును కన్నుల కద్దుకొందుము. విసరికొట్టము, దాచి పాడుచేయము. మరియు ప్రసాదమున ఉప్పు ఎక్కువైనది, పులుపు తక్కువైనదని వంకలు పెట్టము. బిడ్డ పట్ల ఈ భావము కుదిరిన తల్లిదండ్రులకు ప్రేమ తగ్గదు. ప్రేమలోని పట్టుదల కరగిపోవును.

ఆచరణలో చేయదగినవి కొన్ని మనవి చేసెదను.

మొదటిది: శివుని పేర భయపెట్టుట మానుడు. అన్నము తినకున్న కళ్ళు పోవును, పుస్తకము త్రొక్కిన కళ్ళు పోవును, అబద్ధమాడిన కళ్ళు పోవును అని పసినాట చెప్పుదుము. పదునాలుగేండ్లు వచ్చుసరికి బిడ్డ ఒకటి రెండు అబద్ధములాడి చూచును. కళ్ళు పోవు. శివుడు లేడనియైన, అమ్మ మాట నమ్మరానిదనియైన నిశ్చయించుకొనును. కళ్ళు తీయు దేవుని చూపి పెంచిన బిడ్డకు, కష్టము వచ్చినప్పుడు ఆ దేవుని ఒడిలో వ్రాలవలెనని ఎట్లు తోచును? బసవేశ్వరుడు తన వచనములందు కూడలసంగమదేవుని తండ్రియనియు, తల్లియనియు పిలిచినాడు. అట్టి పిలుపు బిడ్డకు అర్థము కావలెనన్న, ఇంటిలోని తండ్రి, తల్లి అను మాటలు బిడ్డ చెవికి తీయగా నుండవలెను.

రెండవది: ప్రశ్నను ఆదరింపుడు. కల్యాణమున అనుభవ మంటపము ప్రశ్నోత్తరములతో వెలసినది. ఉడుతడినుండి వచ్చిన మహాదేవిని అల్లమప్రభువు కఠినమైన ప్రశ్నలతో పరీక్షించెను. ఆమె వెనుదీయక బదులు చెప్పెను. వయసున చిన్నదైన ఆమెను శరణులు అక్కయని గౌరవించిరి. ప్రశ్నకు మన మతమున ఇంత పెద్దపీట యుండగా, లింగమేల ధరింపవలెను అని అడిగిన కూతును నోరు మూయుమనుట శరణమార్గము కాదు. బదులు తెలిసినచో చెప్పుడు. తెలియనిచో, “నాకు తెలియదమ్మా, అయ్యగారు వచ్చినప్పుడు ఇద్దరము అడుగుదము” అనుడు. అట్లనిన తండ్రియందు బిడ్డకు గౌరవము పెరుగును.

మూడవది: మాటకంటె కాయకము, దాసోహము బలమైనవి. జంగమయ్య వచ్చిననాడు పాదోదకపు పళ్ళెరము బిడ్డ చేతికిండు. పంక్తిలో వడ్డన బిడ్డచేత చేయింపుడు. ఆకలిగొన్నవాడు తృప్తిగా తినగా చూచిన బిడ్డకు ధర్మము అనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు.

నాలుగవది: లింగమును తీసిన బిడ్డ సంగతి. లింగవియోగము మన మతమున చిన్న విషయము కాదు. దానిని చిన్నదిగా చూపుట సత్యము కాదు. అయితే గాయము పెద్దదైనకొలది వైద్యుని చేయి మెత్తగా నుండవలెను. చేయి చేసికొనకుడు. పంక్తినుండి లేపకుడు. తమ్ముని మంచితనముతో పోల్చి కించపరచకుడు. మొదట కారణము అడుగుడు. తోటివారి పరిహాసమా? మనసున నిజమైన సందేహమా? లేక తండ్రిపై గల కోపమును లింగముపై చూపుచున్నాడా? మూడవదియే యైనచో, సరిదిద్దుకొనవలసినది ముందుగా తండ్రియే. తల్లి ఆ లింగమును శుభ్రమైన వస్త్రమున చుట్టి, తన పూజాస్థానమున భద్రపరచి, “ఇది నీది. నీవు అడిగిననాడు గురుసన్నిధికి పోవుదము” అని ఒక్కమాట చెప్పి ఊరకుండవలెను. దినమును అడుగరాదు, ఎన్నడును మరువరాదు. వాకిలి తెరచియున్నదని తెలిసిన బిడ్డ తిరిగి వచ్చుటకు సిగ్గుపడడు.

తల్లిదండ్రులు లేని బిడ్డలు, ఉండియు ఆదరణ నోచుకొనని బిడ్డలు మన సమాజమున లేరా? వారికి మఠమే తల్లి కావలెను. తుమకూరు సిద్ధగంగామఠమున 111వ యేట, 2019 జనవరి 21న లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామివారు కులమత భేదము లేక వేలాది పేదబిడ్డలకు అన్నము, వసతి, విద్య కల్పించి నడచిన దేవుడని జనుల చేత కీర్తింపబడిరి. ఆ బిడ్డలకు ధర్మము మొదట అన్నముగా అందినది. మన ప్రాంతపు మఠములు అంత చేయలేకపోవచ్చును. కాని భిక్షకు వచ్చిన జంగముడు ఆ యింటి బిడ్డను పేరు పెట్టి పిలుచుటకు, పరీక్షలెట్లు వ్రాసితివని అడుగుటకు ధనము అక్కరలేదు. ఇంట మాటామంతి కరవైన బిడ్డకు ఆ పిలుపే ఆధారము కావచ్చును.

చివరగా బెజ్జమహాదేవిని తలచుకొందము. శివునకు తల్లి లేదు గనుకనే విషము త్రాగినాడు, తోలు కట్టినాడు, వల్లకాట తిరుగుచున్నాడు, తల్లి యున్నచో అట్లు కానిచ్చునా అని ఆమె కరగిపోయి, తానే శివునకు తల్లియై లాలించెను. శివుడు ఆ లాలనకు లోబడెను. తల్లిమనసు శివునికంటె వేరు త్రోవ కాదని ఆ కథ సారము. లోకములన్నిటికి తండ్రియైనవాడే తల్లి లాలనకు ఆశపడగా, పదునైదేండ్ల మన బిడ్డ ఆశపడడా? పైకి కసరుకొనును, తలుపు వేసికొనును, సెల్‌ఫోనులో తల దూర్చును. లోపల మాత్రము అమ్మ పిలుచునా, నాన్న తన ప్రక్కన కూర్చుండునా అని చూచుచునే యుండును.

కనుక తల్లులారా, తండ్రులారా! రేపటి ఉదయము పూజకు కూర్చుండునప్పుడు ప్రక్కన ఇంకొక పీట వేయుడు. రమ్మని గద్దింపకుడు. పీట మాత్రము వేసియుంచుడు. వచ్చిననాడు చేయి పట్టి కూర్చుండబెట్టుకొనుడు. రానినాడు ప్రసాదము తీసికొనిపోయి బిడ్డ చేతిలో పెట్టుడు. అమ్మ కట్టిన శివదారము బలము నూలుపోగులో లేదు. కట్టిన చేతి వాత్సల్యములో ఉన్నది.

బసవాది ప్రమథుల కరుణ మన బిడ్డలందరిపై నుండుగాక! శరణు శరణార్థి.